తిరగేసిన కోటు

కార్నవాల్ ఆఖరి మంగళవారం పొద్దున దోన్ రోహెలియో ఎస్కోర్సియా వేసుకున్న పథకం చాలా చిన్నది. తాగి పడుకున్న ఊరు కళ్ళు తెరవకముందే నేస్తోర్ పెర్తూస్‌ను మర్యాదగా సమాధి చేసి, ఎవరి కంటా పడకుండా ఇంటికి వచ్చేయాలి. వినడానికి ఇందులో వంక పెట్టేందుకేమీ లేదు. ఎటొచ్చీ మా బరాంకీయాలో ఆ ఒక్కరోజు శవాన్ని వీధిలోకి తెచ్చేవాడికి కాస్త బుద్ధి ఉండాలి.

ఎందుకంటే ఆ రోజు ఊరంతా శవాలే. కార్నవాల్ సంబరం మొత్తానికి మేము హోసెలీతో అని ఒక మనిషి పేరు పెట్టుకున్నాం. తాగి, ఆడి, పాడి, మంగళవారానికి వాడు చచ్చిపోతాడు. వీధికొక హోసెలీతో ఉంటాడు. ఒకచోట గడ్డి బొమ్మ, ఇంకోచోట పెట్టెలో కళ్ళు మూసుకుని పడుకున్న బతికున్న మనిషి. వెనకాల మీసాల మగవాళ్ళు నల్ల గౌన్లు తొడుక్కుని "మమ్మల్ని ముండమోయించి పోయావురా" అని గుండెలు బాదుకుంటూ నడుస్తారు. దొంగ పాదిరీ ఒకడు పవిత్ర జలానికి బదులు రమ్ము చల్లుతాడు. ఊరేగింపుకు న్యాయనిర్ణేతలుంటారు. ఎవరి ఏడుపు బాగుంటే వాళ్ళకు బహుమతి.

దోన్ రోహెలియోకు ఇదంతా తెలియక కాదు. కానీ కార్నవాల్ అంటే ఆయనకు ఎప్పటినుంచో పడదు. ఆ నాలుగు రోజులూ కొట్టు తలుపులు దించి, పైఅంతస్తులో కిటికీలు బిగించుకుని కూర్చునేవాడు. ఏటా ఎవడో ఒక తాగుబోతు సరిగ్గా కొట్టు మెట్ల ముందే నిలబడి పీ పీ అని ఈల ఊదేవాడు. "ఆ కిటికీ ఇంకాస్త గట్టిగా ముయ్యి" అని అరిచేవాడు ఈయన. అలాంటి మనిషికి, పొద్దున్నే మర్యాదస్తులు తప్ప ఎవరూ లేవరని ఒక నమ్మకం.

ఆయన మగవాళ్ళ కోట్లు కుట్టి పైకొచ్చినవాడు. బార్రియో అబాహో పేటలో ఒకే గది, ఒకే కాలిమిషను. రోహెలియో కుట్టేవాడు, నేస్తోర్ కటింగ్ మాస్టర్, నేస్తోర్ భార్య ఎనైదా కాజాలు కుట్టేది. ఏడాది పొడుగునా రేవు ఆఫీసుల గుమాస్తాలకు కోట్లు. కార్నవాల్ వచ్చిందంటే మాత్రం అవే పాత కోట్లు మరిమోండాల ఒంటి మీదికి వచ్చేవి. మరిమోండా అంటే ఆఫీసు దొరలను వెక్కిరించడానికి పేదవాడు కనిపెట్టిన వేషం. తొండంలాంటి ముక్కు, చేటల్లాంటి చెవులున్న గుడ్డ ముసుగు, మెడలో టై, నోట్లో ఈల, ఒంటి మీద తిరగేసిన కోటు. నేస్తోర్ ఏటా ఆ వేషం కట్టాల్సిందే. అందుకేనేమో అతనికి ఒక పట్టుదల ఉండేది. "కోటు లోపల కూడా బయటలాగే ఉండాలోయ్. ఏడాదికోసారి లోపలిది బయటికొస్తుంది" అనేవాడు.

వాళ్ళు మొట్టమొదట కుట్టిన కోటు ఎడమ సగం రోహెలియోది, కుడి సగం నేస్తోర్‌ది. కిటికీలో వేలాడదీస్తే ఒక్కడూ కొనలేదు. చివరికి నేస్తోరే వేసుకున్నాడు. ఆ గది కొట్టయింది, కొట్టు ఫ్యాక్టరీ అయింది, ఫ్యాక్టరీ పేరు కాసా ఎస్కోర్సియా అయింది. రోహెలియో కూతురు యాదిరాకు నేస్తోరే జ్ఞానస్నానపు తండ్రి. ఆ రోజు నుంచి ఒకరినొకరు "కొంపాద్రే" అని తప్ప పేరు పెట్టి పిలుచుకోలేదు. తోడబుట్టినవాళ్ళ కంటే ఎక్కువన్నమాట. ఒక రాత్రి ఫ్యాక్టరీలో అందరూ వెళ్ళిపోయాక ఇద్దరూ ఒట్టు కూడా వేసుకున్నారు: ఎవరు ముందు పోతే రెండోవాడు తన చేత్తో కోటు కుట్టి తొడిగి పంపాలి.

తర్వాత జిగురు మిషను వచ్చింది. కోటు లోపల కాన్వాసును చేత్తో కుట్టే పని లేకుండా, జిగురు గుడ్డ పెట్టి నొక్కితే అంటుకుపోతుంది. రోహెలియో దాన్ని చూసి మురిసిపోయాడు. నేస్తోర్ లోపలివైపు తిప్పి చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"దీన్ని కార్నవాల్‌లో తిరగేసుకోవాలంటే సిగ్గేస్తుంది, కొంపాద్రే."

"ఏడాదికి ఒక్కరోజు తిరగేసుకునే కోటు కోసం మిగతా రోజులన్నీ చేత్తో కుడుతూ కూర్చుంటావా?"

మాటా మాటా పెరిగింది. "నీ కొట్టు మెట్లు మళ్ళీ ఎక్కితే నా పేరు నేస్తోర్ కాదు" అని కత్తెర చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడతను. రెండు రోజుల్లో అతనే వస్తాడని ఈయన, కబురు ఆయనే పంపుతాడని అతను. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఒకే ఊళ్ళో, ఒకే చర్చిలో, చెరో పక్క బెంచీ.

ఈ ఏడాది మొదట్లో నేస్తోర్ మంచాన పడ్డాడని తెలిసింది. దోన్ రోహెలియో ఎవరికీ చెప్పకుండా తన గదిలోకి పాత కాలిమిషను తెప్పించి, గడియ వేసుకుని, ఒక కోటు మొదలుపెట్టాడు. వేళ్ళు వణికేవి, కళ్ళు మసకలు, ఒక్కో కుట్టు ఒక్కో దిక్కు చూసేది. అయినా కుట్టాడు. కోటు పూర్తయ్యాక కొత్త చిక్కు వచ్చి పడింది. బతికున్నవాడి ఇంటికి చావు కోటు ఏ ముఖం పెట్టుకుని పట్టుకెళ్ళాలి? ఈస్టర్ పండుగకు వేసుకోమంటే పోతుంది కదా అనుకున్నాడు. ఈ గోల సద్దుమణిగాక, బుధవారం వెళ్దామనుకున్నాడు. నేస్తోర్ సోమవారం పోయాడు.

అందుకే ఆ మంగళవారం ఆయనకు కావలసింది ఒక్కటే. పెట్టె మూత పడేలోపు ఆ కోటు నేస్తోర్ ఒంటి మీదికి చేరాలి.

కూతురికి చెప్పలేదు. చెప్తే పదిమందీ పోగవుతారు. పైగా తండ్రీకూతుళ్ళకు ఈ మధ్య మాటలు అంతంతమాత్రం. ఈసారి హోసెలీతో ఊరేగింపులో మొదటి బహుమతిగా కాసా ఎస్కోర్సియా సూటు ఇస్తానని యాదిరా ఒప్పుకుని వచ్చింది.

"చచ్చినవాడి వేషానికి మన కోటు బహుమతా?" అని ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"కుర్రాళ్ళు మనల్ని చూసి నవ్వుతున్నారు నాన్నా. వాళ్ళతో పాటు మనమూ నవ్వితే, కనీసం కొట్లోకి వస్తారు."

వీధులన్నీ మూసేయడంతో శవాన్ని తీసుకెళ్ళే బండి రానంది. దోన్ రోహెలియో కంపెనీ వ్యాను తీయించాడు. డ్రైవరు విల్మెర్ అప్పటికే ఒకసారి తల గోక్కున్నాడు.

"అయ్యగారూ, ఈ వేళ వద్దేమో. రేపు బూడిద బుధవారం, ఊరంతా గప్‌చుప్‌గా ఉంటుంది."

"ఈ ఎండకి రేపటిదాకా ఆగుతాడట్రా వాడు?"

"ఆగడు గానీ..."

"అయితే నడుపు."

ఎనైదా నల్లబట్టల్లో గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం ఉతికి ఆరేసినట్టుంది. వ్యాను దిగిన మనిషిని ఎగాదిగా చూసింది.

"ఆలస్యంగా వచ్చారు, దోన్ రోహెలియో."

"ఇంకా ఎండ ముదరనైనా లేదు కదా ఎనైదా."

"నేను ఈ పొద్దుటి సంగతి చెప్పట్లేదు."

ఒకప్పుడు ఆమె కూడా కొంపాద్రే అనే పిలిచేది. అయ్యగారూ అన్నట్టుండే ఈ 'దోన్' అన్న మాట ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. చేతి మీద మడిచి పెట్టుకున్న కోటు చూపించాడు.

"ఇది... వాడికి తొడుగు."

"పెట్టె మూసేశాం. ఆయన ఒంటి మీద కోటు ఉంది."

"ఏ కోటు?"

"ఆయనకి నచ్చిన కోటు. మీ ఫ్యాక్టరీ సరుకు ఒంటికి తగలనివ్వద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

"ఇది ఫ్యాక్టరీది కాదు."

ఎనైదా ఆయన భుజం మీదుగా వ్యాను వైపు చూసింది. దాని మీద మూరెడు అక్షరాలతో రాసి ఉంది: కాసా ఎస్కోర్సియా, మగవాడి మర్యాద మా చేతిలో.

నేనే కుట్టాను అని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. ఇంతకాలం ఆ ఒక్క ముక్క చెప్పడం రాకే కదా కథ ఇక్కడిదాకా వచ్చింది. కోటు మళ్ళీ చేతి మీద వేసుకుని ముందు సీట్లో, సమాధి ప్రార్థనకు వచ్చిన పాదిరీ ఆన్సెల్మో పక్కన కూర్చున్నాడు. ఎనైదా, నలుగురైదుగురు ఇరుగుపొరుగు వాళ్ళు పెట్టెతో పాటు వెనక ఎక్కారు.

రెండు వీధులు దాటేసరికి అడ్డుకర్ర వచ్చింది. ఊరేగింపు కార్యకర్త ఒకడు పసుపుపచ్చ చొక్కాతో, చేతిలో నంబర్ల బిళ్ళలు పట్టుకుని వచ్చాడు.

"హోసెలీతో బృందాలు బండిలో రాకూడదు తాతా. దిగి నడవాలి. మీ నంబరెంత?"

"ఇది హోసెలీతో కాదు. నిజం శవం" అన్నాడు దోన్ రోహెలియో.

"పొద్దుటినుంచీ అందరూ అదే చెప్తున్నారు."

"పాదిరీ గారున్నారు చూడు."

"ప్రతి బృందంలోనూ పాదిరీ ఉన్నాడు. ఈయన గడ్డం బాగా అతికించుకున్నాడు, అంతే తేడా."

పాదిరీ ఆన్సెల్మో గడ్డం పట్టుకుని లాగి చూపించాడు. కార్యకర్త మెచ్చుకోలుగా తలూపి వ్యాను వెనక తలుపు తీశాడు. "చూడు నాయనా, మా ఇంటాయన" అంది ఎనైదా. "బాగా చేస్తున్నావమ్మా" అన్నాడు వాడు. పెట్టె మూతలో ముఖమూ ఛాతీ కనపడేలా అద్దం బిగించి ఉంది. వాడు ఒంగి చూసి, ఈల వేశాడు.

"మరిమోండా హోసెలీతో. కోటు కూడా తిరగేశారే. ఊపిరి భలే బిగపట్టాడు, రెప్ప కూడా కదలట్లేదు."

దోన్ రోహెలియో గబగబా దిగి వచ్చి అద్దంలోంచి చూశాడు. నేస్తోర్ బుగ్గలు పీక్కుపోయి, చిన్నగా పడుకుని ఉన్నాడు. ఛాతీ మీద మడిచిన ముసుగు, తొండం, చెవులతో సహా. మెడలో టై. ఒంటి మీద తిరగేసిన కోటు. కుడివైపు కుట్లు గీత గీసినట్టున్నాయి. ఎడమవైపు కుట్లు కొంచెం పెద్దవి, కొంచెం తొందరవి, ముడి వేసే చోట ప్రతిసారీ దారం రెండు చుట్లు ఎక్కువ. ఆ అలవాటు తనది. ఈ కోటు ఎప్పుడో చినిగి పోయుంటుందనుకున్నాడాయన. ఎనైదా వైపు తిరిగాడు. ఆమె చూపు తిప్పుకుంది.

ఈలోగా కార్యకర్త పెట్టె మీద నంబరు బిళ్ళ అంటించేశాడు. శ్మశానానికి దారి ఊరేగింపు వీధి గుండానే, ఊరేగింపు వీధిలోకి నంబరు లేకుండా ఎవరికీ ప్రవేశం లేదు. ఇంక చేసేదేముంది. వ్యాను అక్కడే వదిలి, విల్మెరూ పొరుగువాళ్ళూ పెట్టెను భుజాలకెత్తారు.

మూలిగే నక్క మీద తాటికాయ పడాలి కదా, పడింది. సందు మలుపులో నల్ల గౌన్ల విధవలు కొందరు దిక్కుతోచక నిలబడి ఉన్నారు. వాళ్ళ పెద్ద విధవ ఒక మాంసం కొట్టు ఆసామి. గుబురు మీసం, భుజాలు కనిపించే గౌను, నెత్తిన మేలిముసుగు.

"మా శవం సాసేజి తినొస్తానని పోయి ఇంతవరకూ రాలేదు" అన్నాడతను వచ్చీ రాగానే. "మీకేమో శవం ఉంది, ఏడ్చేవాళ్ళు తక్కువున్నారు. కలిసిపోదాం."

"అక్కర్లేదు" అన్నాడు దోన్ రోహెలియో.

"మొహమాటపడకండి" అని మీసాల విధవ పెట్టె మీద పడి బావురుమన్నాడు. మిగతా విధవలు అందుకున్నారు. వాళ్ళతో వచ్చిన దొంగ పాదిరీ రమ్ము చల్లడం మొదలుపెట్టాడు. అసలు పాదిరీ అడ్డం పోయి లాటిన్‌లో ప్రార్థన చదివితే, జనం విని, దొంగవాడి లాటినే బాగుందన్నారు. ఎవరో కార్నవాల్‌లో చల్లుకునే మొక్కజొన్న పిండి పిడికెడు తీసి ఆన్సెల్మో గారి ముఖాన కొట్టారు. ఆ తెల్లటి ముఖంతో ఆయన ప్రార్థన ఆపకుండా నడిచాడు. వెనక ఎక్కడినుంచో డోళ్ళు కలిశాయి. అసలు విధవ ఒక్కర్తే, ఏడవకుండా, పెట్టె అంచు పట్టుకుని నడుస్తోంది. "ఈవిడకి కొంచెం ఏడవడం నేర్పండయ్యా" అని అరుగు మీంచి ఎవరో సలహా ఇచ్చారు.

మీసాల విధవ ఏడుపు మధ్యలో ఊపిరి తీసుకోడానికి దోన్ రోహెలియో పక్కకు వచ్చాడు.

"తాతా, ఆ ముసలి ఎస్కోర్సియాని అచ్చు దింపేశావు. ఆ మెడ నిక్కడం, ఆ మూతి ముడవడం."

"నేనే ఎస్కోర్సియాని."

"గొంతు కూడా. ఆయన ఇంకొంచెం పొట్టి అనుకో." అతను గౌను పైకెత్తి ముఖం తుడుచుకున్నాడు. "పాపం, పెర్తూస్ తాత పోయాడట నిన్న. ఈ వేషం ఆయన చూసుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. ఏటా ఆ కొట్టు ముందే కదా ఆడేవాడు."

దోన్ రోహెలియో నడక ఆగింది.

"ఏ కొట్టు ముందు?"

"ఎస్కోర్సియా కొట్టు ముందు. మరిమోండా గుంపంతా ముందుకు పోయినా, ఈయన మాత్రం అక్కడే మెట్ల కింద నిలబడి ఈల ఊదుతూ గెంతేవాడు. ఏం తాతా, పైకెళ్ళి పిలవచ్చు కదా అంటే, నేను మెట్లెక్కను, వాడే కిటికీ తీస్తాడు చూడు అనేవాడు. కిటికీ ఎప్పుడూ తీయలేదులే. సరే, నేను ఏడవాలి" అని అతను మళ్ళీ పెట్టె దగ్గరకు పరుగెత్తాడు.

దోన్ రోహెలియో వీధి మధ్యలో నిలబడిపోయాడు. పీ పీ అనే ఆ ఈల చెవిలో మోగింది. ఏటా ఒకే చోట, ఒకే తాగుబోతు. వాడు తాగుబోతు కాదు. ఆ కిటికీ ఇంకాస్త గట్టిగా ముయ్యి అని ఏటా తనే అరిచాడు. ఎంత దగ్గర. చెయ్యి చాపితే తలుపు రెక్క. ఆ నిమిషంలో ఆయనకు తన ఫ్యాక్టరీ, కొట్లు, పేరు, అన్నీ కలిపి ఆ ఒక్క కిటికీ రెక్కకు సరిపోవనిపించింది.

వెనకనుంచి జనం తోస్తే కదిలాడు. సరిగ్గా న్యాయనిర్ణేతల వేదిక కనిపించే చోట మరిమోండాల గుంపు ఒకటి దారికి అడ్డంగా గెంతుతోంది. పెట్టెలో తమవాడిని చూసి వాళ్ళకు పూనకం వచ్చింది.

"మరిమోండా శవం వెనక కోటు సరిగ్గా వేసుకుని నడుస్తావా తాతా? తిప్పు. తిప్పితేగానీ శవం కదలదు."

విల్మెర్ భుజం మీద పెట్టె ఒరిగింది. "అయ్యగారూ, తిప్పెయ్యండి. భుజం పడిపోతోంది" అన్నాడు నీరసంగా.

దోన్ రోహెలియో తన నల్లకోటు గుండీలు విప్పాడు. సగం తీసి ఆగాడు. అది తన ఫ్యాక్టరీ కోటు. లోపల జిగురు గుడ్డ బొబ్బలెక్కి, అంచులు లేచిపోయి ఉంది. జీవితంలో మొదటిసారి ఆయనకు దాన్ని చూసి సిగ్గేసింది. ఆ కోటును నేల మీద పడేశాడు. చేతి మీదున్న రెండో కోటును దులిపి, తిరగేసి తొడుక్కున్నాడు. నేస్తోర్ ఆజానుబాహువు, ఈయన మరుగుజ్జు కంటే కాస్త మేలు. కోటు చేతులు మోకాళ్ళ కిందకు వేలాడాయి, అంచు గౌనులా పాదాలకు తగిలింది. మరిమోండాలు ఈలలు వేసి దారి ఇచ్చారు. ఊళ్ళో అంత అచ్చమైన మరిమోండా ఆ రోజు ఇంకొకడు లేడు.

అప్పుడే ఎనైదా తలతిప్పి చూసింది. పెట్టె వదిలి వచ్చింది. వేలాడుతున్న ఆ చేతిని పట్టుకుని, కాజాలు కుట్టిన వేళ్ళతో కుట్ల వెంట తడిమింది.

"ఇవి ఎవరు కుట్టారు?"

"నేనే."

"కళ్ళు కనపడ్డాయా?"

"లేదు."

"తెలుస్తూనే ఉంది. ఆయన చూస్తే మొత్తం విప్పించి మళ్ళీ కుట్టించేవాడు." ఆమె కుట్టు మీంచి వేలు తీయలేదు. "ఆ పాత కోటు ఎడమవైపు పిగిలింది ఒకసారి. నేను సూది తెస్తే చెయ్యి పట్టుకుని ఆపాడు. అది మా కొంపాద్రే కుట్టు, దాని జోలికి పోకు, వాడే వచ్చి కుడతాడులే అన్నాడు. పిగిలిన కోటే వేసుకుని ఆడేవాడు."

"ఎనైదా, ఆ కిటికీ..."

"తెలుసు."

దోన్ రోహెలియో ఏడ్చాడు. వేదిక ముందు, మొక్కజొన్న పిండిలో, నడివీధిలో కూలబడి, ఆ పొడుగాటి చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డోళ్ళవాళ్ళు చేతులాపారు. మీసాల విధవలు ఆ ఏడుపు విని, వృత్తిలో తమకంటే పెద్దవాడు దొరికాడన్నట్టు నోళ్ళు మూసుకున్నారు. న్యాయనిర్ణేతలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన అవసరం కూడా రాలేదు.

"మొదటి బహుమతి" అని మైకులో యాదిరా గొంతు పలికింది. ఆమె వేదిక దిగి, నవ్వుతూ వచ్చి, ముసలి మరిమోండా కోటు జేబులో బహుమతి చీటీ దూర్చింది. తిరగేసిన కోటు కాబట్టి లోజేబు పైనే ఉంది. "తాతా, ఏం ఏడ్చావయ్యా, మా నాన్న కూడా..." అంటూ ముఖం చూసి ఆగిపోయింది.

"నాన్నా?"

ఆయన పెట్టె వైపు చెయ్యి చూపాడు. యాదిరా అద్దంలోంచి చూసింది. జ్ఞానస్నానం నాడు తనను ఎత్తుకున్న మనిషి. మైకు చేతిలోంచి జారి ధన్‌మని వీధంతా మోగింది.

మీసాల విధవ మెల్లగా మేలిముసుగు తీశాడు. "నిజంగానే చచ్చాడా?" అని అడిగాడు.

"నిన్న" అంది ఎనైదా.

"ఏటా ముసుగులోనే చూశాను. పెర్తూస్ తాతేనా?"

"అవును నాయనా."

అతను ఎత్తుమడమల చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. విల్మెర్‌ను పక్కకు జరిపి పెట్టె కింద భుజం పెట్టాడు. శ్మశానం దాకా డోళ్ళు మోగలేదు. విధవలందరూ వచ్చారు, దొంగ పాదిరీ సీసా పారేసి అసలు పాదిరీ వెనక ఆమెన్‌లు చెప్పాడు. మీసాలవాళ్ళు ఇప్పుడు కూడా ఏడుస్తూనే ఉన్నారు. నిజం ఏడుపు వాళ్ళకు అంత బాగా రాలేదు.

గోతి దగ్గర పెట్టె దించాక ఎనైదా వెనక్కి తిరిగింది.

"కొంపాద్రే" అంది.

చాలాకాలానికి ఆ మాట విని దోన్ రోహెలియో తలెత్తాడు.

"ఆ కోటు విప్పు. తొడగడం ఇప్పుడు కుదరదు, ఆయన ఒంటి మీది కోటు ఆయనకిష్టం. మీద కప్పుదాం. మార్చుకోడానికి ఒకటి ఉండాలిగా."

మూత తీశారు. దోన్ రోహెలియో తన వంకర కుట్లు పైకి వచ్చేలా కోటును నేస్తోర్ మీద పరిచి, మెడ దగ్గర ముడత సర్దాడు. దాని కిందికి చెయ్యి పోనిచ్చి, పాత కోటు ఎడమవైపు పిగిలిన చోట వేలు పెట్టి, కొంతసేపు అలాగే ఉంచాడు. "రేపు వద్దామనుకున్నానురా" అన్నాడు.

బట్టలు పెట్టెలో పెట్టేముందు జేబులు తడమడం ఎనైదా అలవాటు. లోజేబులోంచి చీటీ తీసి, అలవాటుగా పైకే చదివింది. హోసెలీతో మొదటి బహుమతి, కాసా ఎస్కోర్సియా వారి సూటు ఒకటి. గెలిచిన వ్యక్తి శనివారంలోగా స్వయంగా కొట్టుకు వచ్చి కొలతలు ఇవ్వాలి. చదవడం అయ్యాక ఆమె పొద్దుటినుంచీ మొదటిసారి నవ్వింది. నవ్వు నవ్వుగానే ఏడుపైంది. యాదిరా వచ్చి ఆమెను పట్టుకుంది. చీటీని మళ్ళీ జేబులోనే పెట్టి మూత వేశారు.

శనివారం సాయంత్రం దాకా దోన్ రోహెలియో కొట్టు కిటికీలన్నీ బార్లా తీయించి, మెట్లకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మెడలో టేపు కూడా వేసుకున్నాడు. నేస్తోర్ రాలేదు. ఆ మెట్లు ఎక్కనని మాట ఇచ్చిన మనిషి, మాట తప్పే రకం కాదు.